ఒక్క అంగుళం

విమానం గేటు దగ్గర సామాను కొలవడానికి పెట్టిన ఇనుప చట్రంలో పెట్టె పట్టలేదు.

టైలరమ్మ దాన్ని నిలువుగా పెట్టి చూసింది. అడ్డంగా పెట్టి చూసింది. మోకాలితో ఒక పోటు కూడా పొడిచింది. చక్రాల దాకా దిగి, అక్కడ మొండికేసింది పెట్టె.

"పట్టకపోతే కింద లగేజీలో వెయ్యాల్సిందే మేడమ్," అంది గేటు దగ్గరి ఉద్యోగిని, తల ఎత్తకుండానే.

"కిందా? ఇందులో ఏముందో తెలుసా తల్లీ? మా చెల్లెలి పెళ్లి గౌను! రేపు పొద్దున్నే పెళ్లి!"

మూడు నెలలు నడుం పడిపోయేలా కూర్చుని కుట్టిన గౌను అది. మెడ వెనక కుట్టేసిన మేలిముసుగు, ఛాతీ నిండా గాజుపూసలు. కాస్త గట్టిగా నలిగితే చాలు, టపటపా రాలిపోతాయి. అందుకే ఏరికోరి గట్టి డొప్ప పెట్టె కొంది. దారిలో విమానం మారాలి. పోయినసారి అలా కింద వేసిన సామాను మూడో రోజుకి చేరింది. పెళ్లయిపోయాక పెళ్లి గౌను ఎవరిక్కావాలి?

పైగా ఆమె రూల్సు తెలియకుండా వచ్చిన మనిషి కాదు. టికెట్టు వెనక రాసిందంతా తొమ్మిదిసార్లు చదివింది. బరువు ఏడు కిలోలు దాటకూడదన్నారు. కాటా మీద పెడితే ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు తూగింది. పొడవు యాభై అయిదు సెంటీమీటర్లన్నారు. అందులో చక్రాలూ పిడీ కూడా లెక్కేనని చాలామందికి తెలియదు. ఆమెకి తెలుసు. అన్నీ కలిపే కొలిచింది. ఊరందరి కొలతలూ తీసే చెయ్యి, తన పెట్టె కొలత తప్పుతుందా?

హ్యాండ్‌బ్యాగులోంచి టేపు తీసింది. అందరి ముందూ పెట్టె కొలిచింది. యాభై అయిదు. చట్రం కొలిచింది.

యాభై రెండున్నర!

"చూశావా అమ్మాయ్! నా పెట్టె పెద్దదవలేదు. మీ చట్రమే అంగుళం తక్కువుంది!"

క్యూలో గోల మొదలైంది. వెనకున్న బట్టతలాయన ముందుకొచ్చేశాడు. "అదీ సంగతి! పోయిన వారం నా పెట్టె కూడా పట్టలేదని డబ్బు కట్టించుకున్నారు. వదలకండమ్మా, మేమంతా ఉన్నాం!"

"మీ పెద్దాఫీసర్ని పిలువు," అంది టైలరమ్మ. ఉద్యోగిని ఫోను అందుకుంది.

ఇలాంటి సమయంలో టైలరమ్మకి అసలు అండ మొగుడే. ఆయన నోరు అలాంటిలాంటి నోరు కాదు. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే దిగేదాకా డ్రైవర్ని దులిపేస్తాడు. సినిమా హాల్లో కుర్చీ కిర్రుమంటే మేనేజరు పరుగెత్తుకు రావాల్సిందే. అలాంటి మనిషి ఇంతసేపూ ఏమైపోయాడా అని వెనక్కి చూసింది.

స్తంభం చాటున నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"ఏమండీ! రండి ఇలా! మీ నోరు ఇవాళ కాకపోతే ఎప్పుడు పనికొస్తుంది?"

"పోనీలేవే," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "పెట్టెని వాళ్లు చెప్పినట్టే కింద వేసేద్దాం."

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నోట 'పోనీలే' అన్న మాట రావడం అదే మొదలు.

"మరి గౌను?"

"నేను వేసుకుంటా."

టైలరమ్మ పెట్టెని దగ్గరికి లాక్కుంది.

"ఏమ్మా, ఒంటి మీదున్న బట్టలు సామాను కింద లెక్కా?" అని ఆయన ఉద్యోగినిని అడిగాడు.

"లెక్క కాదండీ," అంది ఆమె. ఈసారి తల ఎత్తింది.

"ఇంకేం! పూసలు నలగవు. మీ చెల్లెలూ నేనూ ఒకటే సైజు. కుట్టినన్నాళ్లూ నా ఒంటి మీదే కదా చూసుకున్నావు! తియ్యి, తియ్యి, త్వరగా!"

"అయ్యో రామా, ఆగండి! ఆఫీసరు వస్తున్నాడు. రెండు నిమిషాలు ఓపిక పడితే పెట్టె మనతోనే వస్తుంది!"

ఆయన ఆగితేనా! పెట్టె తెరిచి, చొక్కా మీదే గౌను తల మీదుగా దిగలాగేశాడు. మీసం వెళ్లి పూసలకి చిక్కుకుంది. విడదీసుకుంటుంటే క్యూలో ఉన్నవాళ్లంతా ఫోన్లు పైకెత్తారు. ఎవరి చంకలోనో ఉన్న చంటిపిల్ల చప్పట్లు కొట్టింది. టైలరమ్మకి సిగ్గుతో తల తీసేసినట్టయింది.

అంతలో పెద్దాఫీసరు రానే వచ్చాడు. "ఏమిటండీ గొడవ?"

మొగుడు చటుక్కున మేలిముసుగు ముఖం మీదికి లాక్కున్నాడు.

ఆఫీసరు ఆ గౌనుని కింది నుంచి పై దాకా చూశాడు. ఆయన ముఖం మెత్తబడింది. "అరెరె, పెళ్లికూతుర్ని నిలబెట్టేశారేంటి? ముందు ఆవిణ్ణి పంపించండి. శుభాకాంక్షలమ్మా!"

పెళ్లికూతురు తల వంచుకుని, రెండు చేతులతో గౌను ఎత్తిపట్టుకుని, బూట్లు టకటకలాడిస్తూ విమానంలోకి పరుగు తీసింది. ఖాళీ పెట్టె కిందికి పోయింది. చెయ్యగలిగిందేమీ లేక టైలరమ్మ వెనకే నడిచింది.

సీట్లో కూలబడ్డాక ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"న్యాయం మన వైపుంది. జనం మన వైపున్నారు. చేతిలో టేపు ఉంది. ఆ ఆఫీసరుతో ఒక్క మాట చెప్పనివ్వకుండా ఈ వేషమేంటండీ? మీకేమైనా మతి పోయిందా?"

ముసుగు కొంచెం పక్కకి తొలిగింది.

"గట్టిగా అరవకే తల్లీ, పోయినేడు ఆ ఆఫీసరు దగ్గరే ఆర్డరు పట్టి, ఒక్కోదానికి అంగుళం చొప్పున ఇనుము మిగుల్చుకుని, ఇక్కడి చట్రాలన్నీ వెల్డింగు చేసిచ్చింది నేనే!"