ఒక్కడి వాటాలో ఇద్దరు

"రేపటి నుంచి మీకు ఫుడ్ స్టాంపులు వస్తాయండీ," అంది ఫోన్లో, ఫుడ్ స్టాంపుల ఆఫీసు నుంచి ఒక ఆడగొంతు.

బెలెన్ కాలేజీ ఆఫీసు కిటికీ ముందు వరుసలో ఉంది. వీపున పుస్తకాల సంచి. చేతిలో, నర్సింగు చదువు మానేస్తున్నట్టు నింపిన కాగితం. ముందు ఇంకొక్క కుర్రాడే ఉన్నాడు.

"ఎవరికి? మా ఆయనకా? ఆయనకి వస్తూనే ఉన్నాయి కదా!"

"మీకేనండీ, బెలెన్ అరగోన్ గారికి."

"నెల కిందట కుదరదన్నారుగా! కాలేజీలో చదివేవాళ్ళు వారానికి ఇరవై గంటలు పని చేసి తీరాలన్నారు. నాకు లాండ్రీలో దొరికేది పన్నెండే."

"అప్పుడు కుదరలేదు. రేపటి నుంచి కుదురుతుంది. గంటల గొడవ లేదు."

"చదువు మానక్కర్లేదా?"

"మానడమెందుకూ?"

"రూలు మార్చారా?"

"రూలు అదేనండీ. మీ ఫోనుకి ఉత్తరం పంపాను, కారణం అందులో రాశాను. తీరిగ్గా చదువుకోండి." అవతల ఎవరో పిలిచినట్టున్నారు, ఆవిడ ఫోను పెట్టేసింది.

"తర్వాతెవరు?" అంది కిటికీ వెనక ఉన్న గుమాస్తా త్రుహీయో. "ఆ కాగితమేనా? ఇవాళే ఆఖరు. మీ సీటు కోసం తొమ్మిదిమంది కాచుక్కూర్చున్నారు."

"వాళ్ళనింకా కూర్చోమనండి. నేను మానట్లేదు."

"పొద్దున ముక్కు ఎగబీలుస్తూ ఈ కాగితం పట్టుకెళ్ళింది మీరేనా, మీ అక్కా?"

"నేనే!"

"కొత్త పెళ్ళికూతుళ్ళతో ఇదే తంటా, గంటకో మాట. ఇటివ్వండి." ఆమె కాగితం లాక్కుని పక్కనున్న యంత్రంలో వేసింది. అది సన్నటి పీలికలై రాలుతుంటే ఇద్దరూ కళ్ళప్పగించి చూశారు.

"హాయిగా ఉంది," అంది త్రుహీయో. "ఇంకేమైనా ఉన్నాయా?"

పెళ్ళయి ఐదు వారాలు. మొగుడు ఎలాదియో బడి బస్సు నడుపుతాడు. ఆ చాలీచాలని జీతానికి అతనికి ఫుడ్ స్టాంపుల కార్డు, అంటే ప్రభుత్వం డబ్బుతో తిండి సరుకులు కొనుక్కునే కార్డు, ఉంది. పెళ్ళయ్యాక ఆ కార్డులో పెళ్ళాం పేరు కూడా చేర్చమని వెళితే, ఆఫీసువాళ్ళు తల అడ్డంగా ఊపారు. కలిసి వండుకుని తింటే ఒక ఇల్లే గానీ, ఆ ఇంట్లో కాలేజీకి వెళ్ళే మనిషి మాత్రం లెక్కలోకి రాదట. ఒక్కడి వాటాలోనే ఇద్దరూ తినాలి.

ఎలాదియో దాన్నీ వేడుక చేశాడు. రోజూ సాయంత్రం బీన్సు కుండ బల్లమీద పెట్టి గొంతు సవరించుకునేవాడు. "ఇవి ప్రభుత్వంవారి బీన్సు. స్టూడెంట్లు ముట్టరాదు. నేనిప్పుడు గోడకేసి తిరుగుతాను. ఈలోగా ఎవరు తిన్నారో నాకు తెలీదు, అడిగితే ఒట్టేసి చెప్తాను."

అతను నిజంగానే గోడకేసి తిరిగేవాడు. ఆమె నవ్వీ నవ్వీ పొలమారేది. బెలెన్ అత్తగారు ఫోన్లో కేకలేసేది: "మీరు తిని తిరగాల్సిన వయసులో ఉన్నారు పిల్లలూ! ఈ నవ్వులతో కడుపు నిండుతుందా?"

బడి క్యాంటీన్లో పెట్టారని చెప్పి, అతను రెండో టోర్టియా రొట్టె ముట్టేవాడు కాదు. ఆమె నమ్మింది. నిన్న సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే అతని బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త చిల్లు కనిపించింది. నడుము తగ్గిపోయినట్టు, లోపలి వైపుకి. ఆ రాత్రి ఆమె పాఠం తెరిచింది గానీ ఒక్క వరుసా తలకెక్కలేదు. పొద్దున్నే లేచి, అతనికి చెప్పకుండా ఈ కాగితం కోసం వచ్చింది.

ఆమెను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి, ఎలాదియో కాలేజీ బయట తన చిన్న ట్రక్కులో ఉన్నాడు. ఎదురు దుకాణం ముందు పచ్చిమిరపకాయలు కాలుస్తున్నారు, ఆ ఘాటుకి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏడుస్తున్నావా?" అంది బెలెన్ ఎక్కుతూ.

"మిరపకాయలు. నువ్వూ ఏడ్చినట్టున్నావే?"

"పొద్దున ఏడ్చాను. ఇప్పుడు లేదు." ఆమె ఒక్క గుక్కలో కాగితం సంగతి, బెల్టు సంగతి, ఫోను సంగతి చెప్పేసింది.

అతను వంగి తన బెల్టు చూసుకున్నాడు. "నా బెల్టు చూసి చదువు మానేస్తావా? రేపు నా చెప్పులు చూస్తే దేశమే వదిలిపోతావేమో!"

"తిట్టు, తిట్టు. ఇంక గోడకేసి తిరగక్కర్లేదుగా."

"గోడకి నేను అలవాటైపోయాను, అది బెంగపెట్టుకుంటుంది. సరే, ఇంతకీ ఎందుకిచ్చారట?"

"తెలీదు. ఉత్తరంలో ఉందంది. సంతోషంలో చూడనేలేదు."

ఎలాదియో ఆమె ఫోను తీసుకుని, కళ్ళకు దూరంగా పట్టుకుని, పైకే చదివాడు. "'స్టూడెంట్లకు పెట్టిన పని గంటల రూలు ఒక వయసు వరకే వర్తిస్తుంది. రేపటితో మీరు ఆ వయసు దాటుతున్నారు.'" చదివి, హారను ఒక్కసారి గట్టిగా మోగించాడు. మిరపకాయలవాడు ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో!" బెలెన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. "పరీక్షల గోలలో రేపు నా పుట్టినరోజన్న సంగతే తట్టలేదు!"

"నాకు తట్టింది. నీకు చెప్పకుండా ఏదో ఒకటి చేద్దామనుకున్నాను, ఇప్పుడు దర్జాగానే చేస్తాను. విను. రేపు పిల్లల్ని బళ్ళో దింపగానే నేరుగా బజారు. పిండి, గుడ్లు, వెన్న, అన్నీ నీ వాటాలోంచి. కేకు నేను చేస్తాను. కొవ్వొత్తులు మాత్రం ఫుడ్ స్టాంపులతో రావు, అవి నా జేబులోంచి."

"ఎన్ని కొంటావేంటి?"

"యాభై."