పద్నాలుగు రోజుల మందు

"కడుపులో బాక్టీరియా ఉందని పదేళ్ల కిందట ఇచ్చిన మందులు పద్నాలుగు రోజులూ వాడారా?" అని డాక్టరు అడిగాడు.

"వాడాడండీ," అన్నాడు తమ్ముడు, అన్న నోరు తెరవకముందే.

అన్న కడుపులో క్యాన్సర్ అని తెలిసి పది నిమిషాలైంది. ఇద్దరిదీ ఒకే దర్జీ కొట్టు. అప్పట్లో ఏడో రోజున తమ్ముడికీ కడుపులో మంట మొదలైతే, అన్న మిగిలిన మాత్రలన్నీ అతనికిచ్చేశాడు. ఇద్దరికీ మంట తగ్గింది. ఒక్క మందుల చీటీతో ఇద్దరం గట్టెక్కామని నవ్వుకున్నారు.

"సగమే వాడానండీ. మిగతా సగం వీడు మింగాడు," అన్నాడు అన్న.

తమ్ముడు డాక్టరు బల్ల మీదకి వంగాడు. "నా వల్లే కదండీ? అన్న పూర్తిగా వాడి ఉంటే వచ్చేది కాదు కదా?"

"అలాగని చెప్పలేను. సగం మందుకి ఆ బాక్టీరియా చావకపోవచ్చు. ఏళ్ల తరబడి కడుపు పొరని తొలుస్తుంటే కొందరికి క్యాన్సర్‌దాకా వస్తుంది."

తమ్ముడు అన్న కాళ్ల మీద పడబోయాడు. అన్న చొక్కా పట్టుకుని లేపి, డాక్టరు ముందుకు నెట్టాడు.

"తర్వాత ఏడుద్దువుగాని, వెధవా. సార్, వీడు మింగిందీ సగమే. ముందు వీడి కడుపు చూడండి."