లోడు ఎనభై మూడు

"నలభై రెండు సార్." నల్లటి స్క్రీన్ చూస్తూ చెప్పింది సాయిదుర్గ. "లోడు నలభై రెండు."

మామూలు రోజుల్లో నాలుగు దాటని అంకె అది. విశాఖ రేవు పక్కన పడవల హెచ్చరిక కేంద్రంలో, సర్వర్ ఎంత బరువు మోస్తోందో ఆ నల్లటి స్క్రీన్ మీదే తెలుస్తుంది. వాయుగుండం దారి మార్చుకుని ఇటే వస్తోంది. వేటకెళ్ళిన మూడొందల పడవలకీ వెనక్కి రమ్మని మెసేజ్ పంపాలి. ఇరవై నిమిషాలుగా ఒక్కటీ కదల్లేదు. ఆ మూడొందల్లో సాయిదుర్గ తండ్రి సూరన్న పడవ కూడా ఉంది. సముద్రం మీద ఫోన్ పలకదు. పడవలోని పెట్టెకి చేరే ఆ మెసేజే దిక్కు.

"అరవై ఒకటి."

ఇన్‌చార్జి త్రినాథరావు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "ఏటి తినేస్తంది దాన్ని? చూడమ్మా."

ఏ ప్రోగ్రామ్ ఎంత తింటోందో చూపే 'టాప్' కమాండ్ కొట్టింది ఆమె. వరసలు గబగబా దిగాయి. అన్నిట్లోనూ ఒకటే పేరు. పడవల్లో బిగించిన పెట్టెల నుంచి వచ్చే కబుర్లు అందుకునే ప్రోగ్రామ్ అది. ఒకటి పోతే పది పుట్టుకొస్తున్నాయి.

"పడవల నుంచి సార్. కుప్పలుగా వచ్చి పడుతున్నాయి."

"పడవలన్నీ ఒక్కసారే మాట్లాడతాయేటి? ఎవడో బయటోడు మన సర్వర్‌కి తగులుకున్నాడు. ఆపీ."

"ఆపేస్తే, మునిగిపోతున్నాం అని ఎవరైనా మీట నొక్కినా మనకి తెలీదు సార్."

"ఆపకపోతే మన హెచ్చరిక ఎవరికీ చేరదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ వచ్చేవేమిటో చూద్దామని, వచ్చిన కబుర్లన్నీ నమోదయ్యే లాగ్ తెరవబోయింది. తెరుచుకోలేదు. ఎనభై మూడు. అవన్నీ ఆపద కబుర్లే అయితే? వాటిలో నాన్నది కూడా ఉంటే?

"మూడొందల పడవలమ్మా," అన్నాడు త్రినాథరావు, ఈసారి మెల్లగా.

సాయిదుర్గ ఆ ప్రోగ్రామ్‌ని ఆపేసే 'కిల్' కమాండ్ కొట్టింది. సింహాద్రి అప్పన్నని తలుచుకుని ఎంటర్ మీద వేలు పెట్టింది.

అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. నాన్న.

సముద్రం మీద పలకని ఫోన్ నుంచి కాల్ ఎలా వచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. ఎంటర్ నొక్కకుండానే వేలు తీసి ఫోన్ ఎత్తింది.

"నాన్నా, ఎక్కడున్నావు?"

"ఒడ్డునే. గాలి తిరగడం సూసి అందరం అరగంట కిందటే వచ్చీసాం." సూరన్న విసుక్కుంటున్నాడు. "మీ పెట్టిలో, కబురు మీకు సేరిందని సెప్పే పచ్చలైటు ఎలగదేటే? ఒడ్డు సేరినాక మీట నొక్కండి, పచ్చలైటు ఎలిగిందాకా వదలొద్దు అని మీటింగెట్టి మరీ సెప్పినావు గదా. మూడొందల పడవలోళ్ళం అప్పట్నించీ నొక్కుతానే ఉన్నాం."