పారమ్మ గొంతు

ఆ కాలంలో ఎక్కడ రైలు పడినా, గంట తిరక్కుండా చనిపోయినవాళ్ల మీద పాట వచ్చేసేది. రైలు కంపెనీ యంత్రమే ఆ ఊరి యాసలో పాట కట్టి, పాడి, అందరి ఫోన్లకూ పంపేది. జనం విని, ఏడ్చి, ఊరుకునేవారు.

నాగులవాగు వంతెన కూలిన మూడోనాడు, జముకు వాయిస్తూ జముకుల కథ పాడే పారమ్మ తమ్ముడి చిన్నదినానికి బియ్యం కడుగుతోంది. పట్టాలు చూసే ఆ తమ్ముడు గురునాయుడు, రైలును ఆపాలని ఎర్రజెండాతో ఎదురెళ్లి చనిపోయాడు. చావింట్లో ఉన్న ఆమె ఇంతదాకా వినని కంపెనీ పాటను వీధిలో ఎవరి ఫోనో పాడింది: "విధి రాసిన రాతకు వంతెన కూలెనే..."

ఆ గొంతు పారమ్మదే. పాత పాటలు దాచిపెడతామని కంపెనీవాళ్లు నిరుడు ఆమెచేత పాడించుకున్నారు.

"రాతా? వంతెన పగిలిపోనాదని నా తమ్ముడు మూడుసార్లు కాయితం ఎట్టినాడు! నా గొంతుతోనే అబద్దమాడతార్రా?"

తడి చేతులతోనే జముకు తీసుకుని, స్టేషన్లో జరుగుతున్న సంతాపసభకు నడిచింది. కంపెనీ మేనేజరు అడ్డొచ్చాడు.

"మీ పాటే వేస్తున్నాం కదమ్మా, మీకెందుకు శ్రమ?"

"అది నా పాట కాదు బాబూ. తప్పుకో."

కాయితాలు పెట్టిన తేదీలూ, వాటిని తోసేసిన అధికారుల పేర్లూ పాడింది. అవి తాళానికి కుదరలేదు. అయినా ఒక్కటీ వదల్లేదు. మేనేజరు యంత్రం పాట వస్తున్న స్పీకర్ల మోత పెంచాడు. ఒకే గొంతు రెండు మాటలు చెబుతుంటే జనం తికమకపడ్డారు.

అప్పుడు గురునాయుడి భార్య రాములమ్మ లేచింది. వెళ్లి పారమ్మ వెనక నిలబడి వంత అందుకుంది: "మూడుసార్లు సెప్పినాడే!"

రెండోసారి ఆ వంత వందల గొంతుల్లో లేచింది. స్పీకర్లు ఇక వినబడలేదు.