అన్నయ్య దవడ

"అందరూ అద్దంలో చూసుకుని ఒప్పుకుంటారండీ. మీరేంటి, కళ్ళు మూసుకుంటున్నారు?" అన్నాడు డాక్టరు.

బల్ల మీద మెత్తటి తెల్ల ముక్కలు జతలు జతలుగా పరిచి ఉన్నాయి. దవడ ఎముక మీద అమర్చే ఇంప్లాంట్లు. ఎదురుగా కూర్చున్నతను ఒక్కొక్కటే తీసి, చెవి కింద ఆనించుకుని, బొటనవేలితో తడిమి, తల అడ్డంగా ఊపి కింద పెడుతున్నాడు. బజారులో అతనిది తాళంచెవుల కొట్టు. ఇరవై ఏళ్ళుగా తాళంచెవి పళ్ళు తడిమే నకళ్ళు తీస్తున్నాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా తాళం తిరగదని అతనికి తెలుసు.

"ఇది," అన్నాడు చివరికి.

"మీ మొహానికి కాస్త ఎక్కువవుతుందేమో. తేడా తెలిసీ తెలియనట్టుంటేనే అందం."

"అందానికి కాదండీ." జేబులోంచి ఫోటో తీశాడు. "మా అన్నయ్య. ఇలా రావాలి. చూడ్డానికి కాదు, పట్టుకుంటే."

"అయితే ఆయన్నే తీసుకురండి. కొలత తీసుకుంటాను."

"కొలత నాకు గుర్తుందండీ. ఒకసారి అన్నయ్య చెయ్యి విరిగితే నలభై రోజులు నేనే గడ్డం గీశాను."

డాక్టరు ఆ జతని విడిగా తీసి పెట్టాడు.

అమ్మకి చూపు పోయి పన్నెండేళ్ళు. "మీ ఇద్దరి గొంతూ ఒకే అచ్చు. మాటని నేను నమ్మను, దవడ ఇలా ఇవ్వండి," అనేది. చెవి కింద నుంచి గడ్డం దాకా బొటనవేలు పోనిచ్చి, "పలక దవడ, పెద్దాడు" అనో, "కోడిపిల్ల మూతి, చిన్నాడు" అనో తేల్చేది.

పెద్దాడు ఓడలో పనిచేసేవాడు. నెల కిందట ఇంజన్ గదిలో మంటలు లేచాయి. మనిషి దొరకలేదు. పడుకునే గదిలో వదిలి వెళ్ళిన చేతి గడియారం మాత్రం పార్సిల్‌లో వచ్చింది. కబురు కొట్టుకి రావడంతో అమ్మ చెవిన పడలేదు. చిన్నాడూ, అతని భార్యా షట్టరు దించుకుని ఏడ్చి, మొహాలు కడుక్కుని ఇంటికెళ్ళారు. అమ్మకి గుండె వాల్వు మార్చాలి, అందాకా చెడ్డ కబురేదీ చెప్పొద్దని ఆసుపత్రిలో ముందే హెచ్చరించారు. ఇంకో రెండు నెలలు దాటితే ఆపరేషన్ చేసినా లాభం ఉండదని మొన్ననే అన్నారు.

అమ్మేమో ఒకటే పట్టు.

"పెద్దాడు రానీ. వాడు పక్కన కూర్చుంటేనే సంతకం."

"నిన్ననే కదమ్మా ఫోన్‌లో మాట్లాడావు?"

"ఫోన్‌కి దవడ ఉంటుందట్రా?"

ఆ ఫోన్ పక్కగదిలోంచి చేసింది చిన్నాడే.

"మీకేమైనా మతిపోయిందా?" అంది భార్య, విషయం విని. "మొహం కోయించుకుని బావగారి దవడ పెట్టించుకుంటారా?"

"కోత నోటి లోపలే. బయటికి కనబడదు. అమ్మ ఆపరేషన్ అయ్యాక తీయించేస్తాను. నీ కోడిపిల్ల మూతి నీకు వచ్చేస్తుందిలే."

"అందాకా చిన్నకొడుకేడని అడిగితే?"

"కొత్త హోటల్లో తలుపులన్నిటికీ తాళాలు బిగించే పని మీద పొరుగూరెళ్ళాడు. రోజూ ఫోన్ చేస్తాడు."

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది.

ఇరవై ఐదు రోజులు కొట్టు వెనక గదిలో పడుకున్నాడు. మొదటి వారం నోరు తెరవలేక ఫోన్ కూడా చేయలేదు. స్పూనుతో పాలు తాగాడు. వాపు తీశాక ఒక సాయంత్రం కళ్ళు మూసుకుని దవడ తడుముకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు. అన్నయ్య గడియారం చేతికి పెట్టుకుని, ఆసుపత్రి కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు.

భార్య తలుపు తీసింది. "రండి బావగారూ" అనాలని ఇద్దరూ ముందే అనుకున్నారు. ఆమె దీపం వెలుగులో ఆ దవడ చూసింది. మాట రాలేదు. తలుపు చెక్కకి తల ఆనించి, రెండు నెలలుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా వెళ్ళబోసుకుంటూ గొల్లుమంది. అతను ఊరుకోమని చేత్తో సైగ చేసి లోపలికి నడిచాడు.

అమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది.

"ఎవరు?"

"నేనమ్మా, పెద్దాణ్ణి."

"ఇలా రా."

బొటనవేలు చెవి కింద ఆగింది. నెమ్మదిగా గడ్డం దాకా వచ్చింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఇంకో చెయ్యి గడియారం పట్టీని తడిమింది.

"పలక దవడ," అంది అమ్మ.

తాళం తిరిగింది.

అమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. చప్పుడు లేదు. పోన్లే, సంతోషపడింది అనుకున్నాడు.

"ఎన్నిసార్లు రమ్మన్నా రానివాడివి. ఇవాళ వచ్చావు."

"ఇప్పటికి సెలవు దొరికిందమ్మా."

"కోడలు నిన్ను చూడగానే అలా ఏడ్చిందేమిరా?"

"చూసి చాలా రోజులైందిగా."

అమ్మ తల ఊపింది. అతను కాగితం ఆమె ఒళ్ళో పెట్టి, పెన్ను చేతికిచ్చి, సంతకం చేయాల్సిన చోట ఆమె వేలు ఆనించాడు. పెన్ను ఆ చోటికి వచ్చి ఆగిపోయింది. ఎంతసేపటికీ కదల్లేదు.

"రాయమ్మా."

ఆమె పెన్ను పక్కన పెట్టి, ఆ దవడని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"చిన్నాడు పోయి ఎన్నాళ్ళయిందిరా?"