గీత దాటిన బోరు

“ఇంక ఆపెయ్యవయ్యా!” అని బావగారు అరిచేసరికి బోరు బండి ఆగింది. రెండొందల అడుగులు దిగినా పెరట్లో దుమ్మే తప్ప తడి లేదు.

“ఇంకో వంద పోనివ్వండి బావగారూ,” అంది మరదలు. రాళ్ల చదువు చదివి, బోరు పాయింట్లు చూపించడమే ఆమె ఉద్యోగం. “కోట్ల ఏళ్ల నాటి ఈ నల్లరాయి కింద ఇసుకరాయి ఉంటుంది. నీళ్లు దాంట్లో ఉన్నాయి.”

“కోట్లా? భూమి వయసే ఆరువేలమ్మాయ్! పరిశుద్ధ గ్రంథంలోని తాతముత్తాతల వయసులన్నీ కూడి చూశాను.”

సొంత కూతురి పుట్టినరోజు ఏటా మర్చిపోయే ఈ మనిషికి భూమి పుట్టినరోజు మాత్రం కంఠతా వచ్చు. వీధి చివర నుంచి అక్క మోసుకొచ్చే బకెట్లు ఏ కూడికలోకీ రావు.

రాడ్డు దిగినప్పుడల్లా పైకొచ్చినదాన్ని మేస్త్రి వరసగా కుప్పలు పోశాడు. మొదటిది ఎర్రమట్టి, తక్కినవన్నీ రాతిపొడి. ఆమె వెళ్లి మొదటి కుప్ప పక్కన చెప్పుకాలితో గీత గీసింది.

“మీ ఆరువేలూ ఈ మట్టికే సరి. గీత దాటితే రాయి. అది తయారవడానికి మీ దగ్గర టైము లేదు. మేస్త్రీ, లేని రాయిని తవ్వావట, మళ్లీ లోపల పోసెయ్!”

మేస్త్రి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

గేటు తోసుకుని అక్క రెండు బకెట్లతో వచ్చింది. ఆగిన బండిని చూసింది, మొగుణ్ని చూసింది. లోపలికి వెళ్లింది.

“పోనియ్,” అన్నాడు బావగారు.

“ఎందాకండీ?” అడిగాడు మేస్త్రి.

మరదలికి వినబడకుండా ఆయన గొంతు తగ్గించాడు.

“ఆవిడ చెప్పిన కోట్లన్నీ అయిపోయేదాకా.”