లైన్లో ఒలివర్

ఫోన్ మోగుతూనే ఉంది. అవతల ఎవరూ ఎత్తడం లేదు.

కెనడాలో, ఒషావాలోని ఒక కాలేజీ రేడియో స్టూడియోలో కావ్యశ్రీ హెడ్‌ఫోన్స్ చెవులకు నొక్కి పట్టుకుంది. అద్దం అవతల స్టేషన్ మేనేజర్ గోర్డన్ తన చేతి గడియారం చూపిస్తున్నాడు. ప్రసారమవుతున్న పాట అయిపోవచ్చింది. అది ముగిసేలోగా ఒలివర్ లైన్లోకి రాకపోతే ఆమె పని అయిపోయినట్టే.

ఒలివర్ అంటే వెట్ అంబ్రెల్లాస్ గాయకుడు. కిందటేడు ఈ రోజుల్లో ఆ బ్యాండ్ పేరు పిట్టకు కూడా తెలియదు. ఇంటర్నెట్‌లో ఒక గిటార్ పాట పెట్టారు. కుర్రాళ్ళు బస్సుల్లో విన్నారు, లైబ్రరీలో విన్నారు, ఆఖరికి ప్రొఫెసర్లు కూడా కూనిరాగాలు తీశారు. ఇప్పుడు కెనడా, ఇంగ్లండ్ రెండు దేశాల రేడియోల్లోనూ వాళ్ళ పాటే. లోకానికి తెలిసిందల్లా వాళ్ళు ఇంగ్లండ్‌లోని లీడ్స్ కుర్రాళ్ళని, నలుగురని. ఆల్బమ్ మీద తడిసిన గొడుగు బొమ్మ తప్ప మొహాలుండవు. అదీ ఒక మోజే.

టొరంటోలోని పెద్ద స్టేషన్లు బతిమాలినా వాళ్ళు ఇంటర్వ్యూ ఇవ్వలేదు. కావ్యశ్రీ అడిగితే ఒప్పుకున్నారు. ఎలా సాధించావని గోర్డన్ అడిగితే ఆమె నవ్వి ఊరుకుంది.

ఇది సజావుగా సాగితే శుక్రవారం సాయంత్రం షో ఆమెది. చదువులో భాగంగా చేయాల్సిన ఉద్యోగం, కో-ఆప్ కూడా ఇక్కడే. బెడిసికొడితే రెండూ పోతాయి. క్లాసులో సగం మన తెలుగు పిల్లలే. కో-ఆప్ దొరక్క కాళ్ళరిగేలా తిరుగుతున్నారు.

గోర్డన్ చెడ్డవాడేం కాదు. గిటార్ పాటంటే ప్రాణం పెడతాడు. కాకపోతే ఆమె చేరిన మొదటి రోజే ఒక మాట తేల్చేశాడు.

"ఆ గిటార్ మోత ఇంగ్లండ్ వానల్లోనే పుడుతుంది. మీవాళ్ళకు డాన్స్ పాటలైతే బాగా నప్పుతాయి."

కావ్యశ్రీకి ఒళ్ళు మండింది. పైకి మాత్రం తలూపింది.

పాట చివరి చరణంలో ఉండగా ఒలివర్ ఫోన్ ఎత్తాడు. ఆలస్యానికి సారీ చెప్పి, ఇక్కడ ఒకటే వాన అన్నాడు. గోర్డన్ మొహం చేటంత అయింది.

ఒలివర్ మాటకారి. తొలి గిటార్ గురించి, తీగ తెగి వేలు కోసుకున్న రోజు గురించి చెప్పాడు. మధ్యలో అవతల ఏదో గట్టిగా ఈల వేసింది. కావ్యశ్రీ గుండె ఆగినంత పనయింది. కెటిల్ అన్నాడతను తొణక్కుండా. టీ లేనిదే ఇంగ్లీషువాడికి పూట గడవదు కదా. గోర్డన్ మురిసిపోయాడు.

ఆ మురిపెంలోనే, ముందు అనుకోని పని ఒకటి చేశాడు. బయటి నుంచి ఫోన్ చేసిన ఒక పెద్దాయనను నేరుగా లైన్లో కలిపాడు. వద్దని కావ్యశ్రీ తల అడ్డంగా ఊపింది. అతను చూడనేలేదు.

"నేనూ లీడ్స్‌లోనే పుట్టాను బాబూ. నువ్వు ఏ బడిలో చదివావు?" అన్నాడు పెద్దాయన.

ఒలివర్ మాట్లాడలేదు.

రేడియోలో మౌనం కంటే మహాపాపం లేదు. కావ్యశ్రీ వేలు కట్ బటన్ మీదికి వెళ్ళింది. నొక్కితే తన షో పోతుంది. నొక్కకపోతే ఏమవుతుందో ఆలోచించడానికే భయం వేసింది.

"బడి సంగతి అడక్కండి సార్, మా అమ్మ వింటోంది," అన్నాడు ఒలివర్. "బడికని బయల్దేరి రోజూ గిటార్ల కొట్లో తేలేవాణ్ణి."

పెద్దాయన పగలబడి నవ్వాడు. ముమ్మాటికీ లీడ్స్ కుర్రాడేనని సర్టిఫికెట్ ఇచ్చి ఫోన్ పెట్టేశాడు. కావ్యశ్రీకి ప్రాణం లేచొచ్చింది.

కార్యక్రమం ముగియగానే గోర్డన్ లోపలికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు. శుక్రవారం షో నీదే అన్నాడు.

"విన్నావా ఆ యాస? నేర్చుకుంటే వచ్చేది కాదది. పుట్టుకతో రావాలి."

అతను కాఫీకి వెళ్ళాక కావ్యశ్రీ మైకు కట్టేసింది. తలుపు వేసి, హెడ్‌ఫోన్స్ మళ్ళీ పెట్టుకుంది. లైన్ ఇంకా తెగలేదు.

రెండు వీధుల అవతలి బేస్‌మెంట్ నుంచి ఒలివర్ అన్నాడు: "యాస ఏడ జారలే గదా అక్కా, మాదాపూర్ కాల్ సెంటర్‌ల మూడేండ్లు ఇంగ్లండోళ్ళతోని తిట్లు తిన్నది ఊకె పోలే."